రొయ్యకు మోకాళ్ళ నొప్పి

కాలి వేలు తీసేయాలని డాక్టరమ్మ చెప్పి ఇంకా పది నిమిషాలు కాలేదు. మగ్దలీనమ్మ గోడ పట్టుకుని, కుంటుకుంటూ మందుల కిటికీ దగ్గరికి వచ్చింది. వరసలో ముందున్న మనిషిని చూసి ఆగిపోయింది. ఫేబీ! సొంత చిన్నమ్మ కూతురు. చేతికి రాగి కడియం, కొంగు చాటున షుగరు మాత్రలు.

ఐదు నెలల కిందట అలాంటి కడియాన్నే నాలుగు వేలకు ఆమెకు అంటగట్టింది ఈ ఫేబీయే. రొయ్యల షెడ్డులో పది రోజుల కూలి అది. చేతికి ఇనుప కడ్డీ ఇచ్చి, ల్యాప్‌టాపులో రంగుల గీతలు చూపించి, "క్వాంటం సైన్సక్కా ఇది. కడియం తొడుక్కుంటే నీ షుగరుకి ఇంక మాత్తర్లతో పన్లేదు" అనింది. అయినవాళ్ళ మాట కాదంటామా? మగ్దలీనమ్మ మాత్రలు మానేసింది. అంతటితో ఊరుకుందా! మిషను షుగరు లేదని చూపించగానే ఆదివారం ప్రార్థనలో లేచి, కడియంతో నయమైంది, మాత్రలు మానేశానని సాక్ష్యం కూడా చెప్పేసింది. అది విని షెడ్డు ఆడవాళ్ళు ఎనిమిదిమంది కడియాలు కొన్నారు.

"నువ్వు మాత్తర్లు మింగతా వుండావా మే?"

"మింగకపోతే ఎట్టక్కా? నాకు మూడొందలు దాటింది."

"మరి నన్నెందుకు ఆపమంటివి?"

"కంపెనీవోళ్ళు అట్టనే చెప్పమన్నారు." ఫేబీ గొంతు తగ్గించింది. "మద్యాన్నం షెడ్డుకొస్తా. కొత్తోళ్ళు వుండారంట గదా. నువ్వొక్క మాట చెప్పు, నీ నాలుగు వేలు నీకిచ్చేస్తా."

నమ్మించి గొంతు కోయడం అంటే ఇదే. ఇక్కడ గొంతు దాకా పోలేదు, వేలితో సరిపెట్టుకుంది.

రేపు నెల్లూరు పెద్దాసుపత్రిలో చేరాలి. అరపూట కూలైనా వస్తుందని మగ్దలీనమ్మ కట్టు కట్టిన కాలితోనే షెడ్డుకు పోయింది. 'ఆ మిషనుకు మనిషే అక్కర్లేదు, తడిగుడ్డకు కూడా జబ్బులు చెప్తుంది' అని, కడియం సంగతి విన్నాక డాక్టరమ్మ అన్న మాట దారి పొడుగునా బుర్రలో తిరుగుతూనే ఉంది.

అన్నాల వేళకు ఫేబీ వచ్చి మిషను తెరిచింది. "మా అక్కనే అడగండి" అని నవ్వింది.

మగ్దలీనమ్మ ఐసు తొట్టిలోంచి ఒక రొయ్యను తీసింది. కడ్డీని లాక్కుని, రొయ్యనూ దాన్నీ కలిపి తడిగుడ్డలో చుట్టింది. తెర మీద గీతలు పరుగెత్తాయి. కొత్తగా చేరిన వాణి పైకి చదివింది: "గుండె బాగుండాది. మోకాళ్ళు అరిగినాయి. షుగరు లేదు."

షెడ్డంతా గొల్లున నవ్వింది. ఫేబీ ల్యాప్‌టాపు టక్కున మూసేసింది.

"చెప్పక్కా, వీళ్ళకి చెప్పు. ఏందో తప్పు చూపించింది."

"చెప్పను. నేను చెప్పిన సాక్ష్యం అబద్దం." మగ్దలీనమ్మ కట్టు విప్పి నల్లబడిన వేలు చూపించింది. నవ్వులు ఆగిపోయాయి.

ఆ ఎనిమిదిమందిలో ఒకతి, ఎస్తేరమ్మ, లేచి దగ్గరికి వచ్చింది. ఫేబీ వైపు చూడనైనా చూడలేదు.

"ఆ మిషన్ని చూసి నేను మాత్తర్లు పారెయ్యలేదక్కా. నువ్వు చెప్పినావని పారేసినా."

పొద్దుటి నుంచి ఫేబీతో అనాలని మగ్దలీనమ్మ కడుపులో దాచుకున్న మాట అచ్చం అదే. బదులు కోసం ఎస్తేరమ్మ అక్కడే నిలబడింది.