తూట్లు మూసిన బకెట్లు

మాధవి మీద నాకున్నది కోపం కాదు, పగ. కోపమైతే రెండు రోజులు మాట్లాడకుంటే తీరిపోతుంది. పగ పట్టినవాళ్ళు మాట్లాడుతూనే ఉండాలి, అదీ నవ్వుతూ. నేను మూడు నెలలు అలాగే నవ్వాను.

మాది హిందూపురం. మా మిద్దెకూ పక్కింటి మాధవి మిద్దెకూ మధ్య నడుమెత్తు పిట్టగోడ ఒక్కటే అడ్డం. నా మిద్దె మీద ఖాళీ పెయింటు బకెట్లు పన్నెండు, వాటినిండా మా నాయన వంకాయ. పరిగి దగ్గర మా చేలో నాయన నలభై ఏళ్ళు పండించిన కాయ అది. పచ్చటి కాయ మీద తెల్ల చారలు, నూనెలో పడితే వెన్నలా కరిగిపోతుంది. చేను అమ్మేశాక అక్కడ ఫ్యాక్టరీ గోడ లేచింది. ఆ విత్తనం ఇక నా పన్నెండు బకెట్లలో తప్ప ఎక్కడా లేదు. నాయన నా దగ్గరే ఉంటాడు. రోజూ పొద్దున్నే మెట్లు పట్టుకుని మెల్లగా ఎక్కి, ఒక్కో చెట్టునూ తడిమి దిగుతాడు. ఎనభై దాటిన మనిషి మంచం దిగేది వాటికోసమే.

శ్రావణ మాసంలో మాధవి వచ్చి, “అక్కా, గుత్తొంకాయ చేసుకుంటాను, నాలుగు కాయలియ్యక్కా” అంది. ఏరి ఏరి ఇచ్చాను. అవి పొయ్యి మీదికి పోలేదు, పెనుకొండకు పోయాయి. అక్కడ మిద్దెతోటలవాళ్ళు పెట్టిన ప్రదర్శనలో మాధవి వాటిని తన కాయలని చెప్పి బల్ల మీద పెట్టింది. మొదటి బహుమతి, శాలువా, మరునాడు పేపర్లో ఫొటో. కింద ఏం రాశారంటే, ఆ విత్తనాన్ని ఆమె పదేళ్ళుగా కంటికి రెప్పలా కాపాడుతోందట!

పేపరు తెచ్చి నాయన ముందు కొట్టాను.

“పోనీలేమ్మా, కాయ బాగుండాదని నలుగురూ అనిరి గదా” అని నవ్వాడు ఆయన. “యాడ పండితే ఏమి?”

నాయనది పెద్ద మనసు. నాది కాదు.

తేలు కుట్టిన దొంగలా వారం రోజులు నాకు కనబడకుండా తిరిగి, చివరికి మాధవే పిట్టగోడ దగ్గరికి వచ్చింది. కార్తీకం దాటాక ప్రదర్శనవాళ్ళు ఆమె మిద్దె చూడటానికి వస్తారట. చూపించడానికి అక్కడ ఏముంది, రెండు తులసి కుండీలు తప్ప!

“తప్పయిపోయిందక్కా. ఆరు మొక్కలియ్యి, నీ పేరు చెప్పుకుని పెంచుకుంటా.”

అప్పుడే నా పగకు దారి దొరికింది. పాత చెట్లు పీకేసి, ఉన్న విత్తనమంతా చల్లి నారు పోసి ఉన్నాను. అందులోంచి ఆరు మొక్కలు తీసి ఇచ్చాను. వాటితో పాటు ఒక సలహా కూడా ఇచ్చాను.

“బకెట్లకు తూట్లు పెట్టొద్దు మాధవీ. ఉంటే సిమెంటుతో మూసెయ్యి. మన సీమలో నీళ్ళు కారబెట్టుకునేవాళ్ళు ఎవరన్నా ఉంటారా?”

కరువు చూసినవాళ్ళం మేము. బిందె నీళ్ళకు బోరింగు దగ్గర కొట్లాడినవాళ్ళం. నీళ్ళు వదిలేయమంటే ఈ నేల మీద ఎవరూ నమ్మరు, ఒక్క చుక్క పోనివ్వొద్దంటే అందరూ నమ్ముతారు. కానీ తూట్లు లేని బకెట్లో వానాకాలం వంగచెట్టు వేరు కుళ్ళి చస్తుంది. ఆ సంగతి నాకు మూడేళ్ళ కిందట రెండు చెట్లు పోగొట్టుకుంటే తెలిసింది. నా బకెట్లకు అడుగున పక్కవాటుగా నాలుగేసి తూట్లు ఉన్నాయి. వాటిలోంచి నీళ్ళు కారుతుంటే చూడలేక నాయన ఎన్నిసార్లు గొణిగాడో! ఆ తూట్లు ఎందుకో నేనెప్పుడూ ఆయనకు విడమరచి చెప్పలేదు. ఆ రోజు కూడా మెట్ల మీద కూర్చుని మా మాటలు విన్నాడు. నేను పట్టించుకోలేదు.

“సరేక్కా, మూసేస్తా” అంది మాధవి.

ఆ ఏడాది వాన మామూలుగా పట్టలేదు. కార్తీకంలో తుఫాను. అదే వారంలో ధర్మవరంలో మా చెల్లెలి కూతురు పెళ్ళి. అంత దూరం రాలేనని నాయన ఇంట్లోనే ఉండిపోయాడు. పందిరి తడిసిపోయింది, పట్టుచీరలు తడిసిపోయాయి, మా చెల్లెలు ఏడ్చింది. నేను మాత్రం లోపల గంతులు వేశాను. ఆ పందిట్లో నిలబడి కురుస్తున్న వానను చూస్తూ, మాధవి బకెట్లలో నీళ్ళు నిండుతున్నాయని, ఆకులు పసుపెక్కుతున్నాయని లెక్కపెట్టుకున్నాను. శాలువా కప్పినవాళ్ళు వచ్చి కుళ్ళిన చెట్లు చూసి ముక్కు మూసుకోవాలి. ఇంతకన్నా నాకేం వద్దు అనుకున్నాను. చిత్రావతి పొంగి బస్సులు ఆగిపోయాయి. ఇంటికి వచ్చేసరికి తొమ్మిది రోజులయింది.

సంచి కింద పెట్టి తిన్నగా మిద్దెక్కాను, పిట్టగోడ అవతల చూద్దామని.

అవతలికి చూడనేలేదు. నా పన్నెండు బకెట్లూ అంచుదాకా నిండి ఉన్నాయి. చెట్లన్నీ తలలు వేలాడేశాయి. ఒకదాన్ని పట్టి లాగితే ఊరికే చేతికి వచ్చింది, వేరు నల్లబడి కంపు కొడుతోంది. నాయన నోటికి తొలికాయలు పెట్టి, విత్తనానికి తర్వాతి కాయలు వదిలి ఉన్నాను. అవి పండకముందే మెత్తబడి రాలిపోయాయి. వంగి చూస్తే ప్రతి తూటులోనూ గుడ్డపేలిక కుక్కి, పైన బంకమట్టి మెత్తి ఉంది. వేలి గుర్తులు కూడా కనబడుతున్నాయి.

నాయన గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“నువ్వే గదమ్మా ఆ పిల్లకు చెప్తివి, తూట్లు మూసెయ్యమని” అన్నాడు. “ఇన్నాళ్ళకు నా మాట నీకు ఎక్కిందనుకుంటి. నీకు తీరిక లేదని, నువ్వు పెండ్లికి పోతానే నేనే మూసేస్తి. నా చేతులతోనే చంపుకుంటినే.”

రెండు రోజులు నాయన ముద్ద ముట్టలేదు. మెట్లవైపు కూడా చూడలేదు.

మూడోరోజు పిట్టగోడ దగ్గరికి పోయాను. మాధవి ఆరు చెట్లూ నిగనిగలాడుతున్నాయి. బకెట్ల అడుగు నుంచి నీళ్ళు సన్నగా కారుతున్నాయి. ఒక చెట్టున విత్తనానికి వదిలిన తొలికాయ పసుపుపచ్చగా పండి ఉంది.

“మూసేస్తానంటివే” అన్నాను.

“నీ బకెట్లు కారతా ఉండేది ఈడికి కనపడదా అక్కా? నాకొక మాట, నీకొకటా? ఆ పొద్దే తెలిసిపోయె నాకు.” నవ్వలేదు ఆమె. “నేను దొంగతనం చేస్తి, ఒప్పుకుంటా. నువ్వు చెట్లు చావాలని చూస్తివి.”

“ఆ కాయ ఇయ్యి మాధవీ. నాయన అన్నం తినడం లేదు.”

“ఇస్తా. తాతకు నువ్వే చెప్పాల, నాకు అబద్ధం చెప్తివని. నా ముందరే చెప్పాల.”

పండుకాయ కోసుకుని, పిట్టగోడ దాటి వచ్చి ఆమె ముందు నడిచింది, నేను వెనక. ఆ పది మెట్లూ దిగుతూ ఏదో ఒక కత అల్లుదామని చూశాను. ఏదీ అతకలేదు. గదిలో నిలబడి చెప్పేశాను. మాధవి చెట్లు కుళ్ళిపోవాలనే అలా చెప్పానని, నాయన తప్పేమీ లేదని, తప్పంతా నాదేనని. చెబుతుంటే ఏడుపొచ్చింది. అయినా మాధవి వైపు చూస్తే లోపల ఇంకా మండుతూనే ఉంది, అదీ నిజమే.

నాయన మెల్లగా లేచి కూర్చున్నాడు. మాధవి కాయను ఆయన చేతిలో పెట్టింది. బొటనవేలితో తొక్క నొక్కి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

“మన కాయే” అన్నాడు.

నేను చెయ్యి చాచాను. ఆయన నా వైపు చూడకుండా, కాయను తిరిగి మాధవి చేతిలోనే పెట్టాడు.

“ఇది మీ మిద్దె మీదనే ఉండనీ తల్లీ. పొద్దున పూట నేనే ఆడికొచ్చి చూసుకుంటా.”