అరుణాచలం వెళ్లొచ్చిన బోల్టు

నేను ఒక బోల్టుని. గుడి తలుపుకుండే గడియలాగా నలుగురూ కళ్లకద్దుకునే ఇనుమును కాను. కారు ఇంజను అడుగున నూనె నిలవుండే తొట్టె ఒకటుంటుంది. దాని కింద, తల నేలకేసి, వేలాడుతూ ఉంటాను. పాత నూనె దించాలంటే నన్ను విప్పుతారు, కొత్తది పోసేముందు బిగిస్తారు. నా జీవితంలో విశేషాలు ఈ రెండే. మిగతా కాలమంతా తపస్సు. తలకిందులుగా తపస్సు చేసిన మునులకు దేవుళ్లు ప్రత్యక్షమై వరాలిచ్చారంటారు. నాకు ఇంతవరకూ ప్రత్యక్షమైనవి స్పీడు బ్రేకర్లు, వీధికుక్కలు, ఒకసారి ఒక పిల్లి పురుడు.

నన్ను కన్నతల్లి ఒక లేతు మిషను. ఇనపకడ్డీని ముక్కలుగా కోసి, ఆరు పలకల తల చెక్కి, ఒంటికి మరలు చుట్టి, నా తోడబుట్టినవాళ్లతో కలిపి గోనెసంచిలో పోశారు. పరీక్ష చేసే మనిషి నన్ను ఒక నట్టులో తిప్పి చూసి "ఊఁ" అన్నాడు. నా బారసాల అదే. నాకు తెలిసిన ధర్మం కూడా ఒక్కటే. ఒకవైపు తిప్పితే బిగుస్తాను, రెండోవైపు తిప్పితే వదులవుతాను. వేదాంతం చదివినవాళ్లకి కూడా ఇది ఎందుకు కొరుకుడు పడదో నాకిప్పటికీ తెలియదు.

మా కారు మొదట కాకినాడలో ఒక పళ్ల డాక్టరు గారిది. ఆయన డ్రైవరు నన్ను బిగించాల్సినంత బిగించి, లేచి నిలబడి, మళ్లీ వంగి "ఎందుకైనా మంచిది" అంటూ ఇంకొక్క చుట్టు బిగించాడు. ఆ తర్వాత కారు రొయ్యల చెరువుల ఆసామి చేతికెళ్లింది. అక్కడి మెకానిక్కు స్పానరు మీద ఏకంగా కాలుపెట్టి తొక్కాడు. "ఎందుకైనా మంచిది" అని వాడూ అన్నాడు. నా ఒంటికి మరలకంటే ఈ మాటే ఎక్కువసార్లు చుట్టుకుంది.

చివరికి రామచంద్రపురంలో భీమేశ్వరరావు గారింటికి చేరాం. కరెంటాఫీసులో గుమాస్తాగా రిటైరైన మనిషి. భార్య పేరు మాణిక్యాంబ. పక్కనే ఉన్న దాక్షారామంలో స్వామి పేరు ఆయనది, అమ్మవారి పేరు ఆవిడది. జాతకాలు చూసే పని తప్పిందని ఇరువైపులవాళ్లూ సంతోషించి పెళ్లి చేశారట. ఆయన కారు కొన్నరోజే ఎందుకైనా మంచిదని ముందు నిమ్మకాయలు కట్టాడు, ఎందుకైనా మంచిదని వెనక అద్దానికి ఆంజనేయస్వామిని అంటించాడు, లోపల వెంకటేశ్వరుణ్ణీ వినాయకుణ్ణీ కూర్చోబెట్టాడు. అంతమంది దేవుళ్లు ఎక్కినా నూనె మార్చే పని మాత్రం ఎవరూ నెత్తినేసుకోలేదు. ఒకరోజు స్టీరింగు వెనక, నూనె సంగతి చూడమని, ఎర్రదీపం వెలిగింది.

అప్పుడే మాణిక్యాంబ గారు అరుణాచలం వెళ్తానంది. ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. ఆపరేషను తప్పదనీ, ఆ తర్వాత అంతదూరం నడక మర్చిపోవాలనీ డాక్టరు చెప్పేశాడు. ఆ లోపల వచ్చే పౌర్ణమి ఒక్కటే. ఆ పౌర్ణమికి కొండచుట్టూ తన కాళ్లతో తాను నడవాలని ఆవిడ కోరిక. బస్సు ఎక్కితే ఆవిడకి వాంతులు. రైలు టిక్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. మిగిలింది మేమే. తెల్లారితే ప్రయాణం. తీరా చూస్తే నమ్మకమైన మెకానిక్కు షెడ్డుకి తాళం వేసి పెళ్లికెళ్లాడు.

"సహస్రనామం తప్పులేకుండా చదివేవాణ్ణి, ఒక్క బోల్టు విప్పలేనా?" అన్నారు భీమేశ్వరరావు గారు.

ఫోనులో వీడియో చూసి, ముందు చక్రాలు దుంగలమీదికి ఎక్కించి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డుపెట్టి, పంచె ఎగ్గట్టి నా కిందికి దూరారు. ముందుగా నా తలకి గంధం రాసి, కుంకుమ పెట్టి, అగరొత్తి చూపించారు. నాకు జీవితంలో జరిగిన మొదటి మర్యాద అది. కళ్లుంటే చెమర్చేవి. తర్వాత స్పానరు పెట్టి, "శివశివా" అంటూ బలంగా ప్రదక్షిణంగా తిప్పారు.

నేను ఇంకా బిగుసుకున్నాను. ఆ దిక్కు అటువంటిది మరి.

"కదలదేంట్రా ఇది, వెల్డింగు గానీ చేశారా?" అన్నారాయన చెమట కక్కుతూ.

మాణిక్యాంబ గారి తమ్ముడు లోవరాజు గొంతుక్కూర్చుని కాఫీ తాగుతున్నాడు. "బావగారూ, అది బిగించే వైపండీ. ఎడంవైపుకి తిప్పాలి."

"ఎడంవైపుకా? అంటే అప్రదక్షిణమా?"

"బోల్టుకి ప్రదక్షిణమేంటి బావగారూ!"

"నువ్వూరుకో. గిరిప్రదక్షిణకి బయల్దేరుతూ, బొట్టుపెట్టి మరీ, మొట్టమొదటి పని అప్రదక్షిణంగా చెయ్యమంటావా? రేపు దారిలో ఏదైనా అయితే?"

"దారిలో అవ్వాలంటే ముందు మన వీధి దాటాలి కదండీ."

ఆయన పళ్లు బిగించి మళ్లీ పుణ్యమున్న వైపుకే లాగారు. స్పానరు జారింది. నా తలకున్న మూలల్లో ఒకటి అరిగింది. మూలలన్నీ పోయి తల గుండ్రమైతే ఏ స్పానరూ పట్టదు. అప్పుడు బోల్టుకి మిగిలేది పాత ఇనప సామాన్ల బండే.

లోవరాజు తొంగిచూసి పెదవి విరిచాడు. "అయిపోయిందండీ. ఇంక ఉలి పెట్టి కొట్టేయడమే. ఇంకో బోల్టు ఎప్పుడు దొరుకుతుందో ఏమో. అక్కా, అరుణాచలం టీవీలో కూడా చూపిస్తారు. హాయిగా కూర్చుని చూడొచ్చు."

మాణిక్యాంబ గారు గుమ్మం మెట్టుమీద మోకాలికి నూనె రాసుకుంటోంది. చెయ్యి ఆగింది.

"టీవీలో చూడ్డానికి మోకాళ్లెందుకురా?" అంది.

కారు కిందనుంచి ఆయన కాళ్లు రెండే బయటికి కనిపిస్తున్నాయి. అవి కూడా సిగ్గుపడినట్టు దగ్గరికి జరిగాయి.

"ఏవండీ, ఒకసారి బయటికి రండి" అంది ఆవిడ. "మన హాల్లో ఫ్యాను ఎటు తిరుగుతోందో చూసి చెప్పండి."

ఆయన పాక్కుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి, తల పైకెత్తి చూశారు. వేలు గాలిలో తిప్పుకున్నారు. "అప్ర..." అని ఆగిపోయారు.

"ఇన్నేళ్లుగా దానికిందే కూర్చుని పూజ చేస్తున్నారు. పుణ్యం రాలేదా, గాలి రాలేదా?"

"అది కిందనుంచి చూస్తే అలా ఉంటుందే పిచ్చిదానా. పైనుంచి చూస్తే ప్రదక్షిణమే."

"మరి ఆ బోల్టుని మీరెక్కణ్ణుంచి చూస్తున్నారు?"

ఆయన వంగి కారుకిందికి చూశారు.

"దేవుడు పైనున్నాడంటారు కదా" అంది ఆవిడ. "ఆయన మీలాగ కారుకింద పడుకుని చూడడు కదండీ."

"అక్కా, నువ్వు కోర్టులో ఉండాల్సిందానివి" అన్నాడు లోవరాజు.

దేవుడు పైనే ఉన్నాడని వీళ్లకెవరు చెప్పారో అని నాకో చిన్న సందేహం కలిగింది. కానీ నా ప్రాణం నిలబెడుతున్న వాదానికి నేనెందుకు అడ్డుతగలాలి? ఊరుకున్నాను.

లోవరాజు ఎదురింటికెళ్లి రింగు స్పానరూ, జానెడు పైపూ తెచ్చాడు. ఈసారి స్పానరు నా తలంతా చుట్టి పట్టుకుంది. దానికి పైపు తొడిగి, సుత్తితో రెండు దెబ్బలు వేసి, భీమేశ్వరరావు గారు కళ్లు మూసుకున్నారు. "స్వామీ, నీ వైపునుంచి చూసుకో" అని లాగారు.

టక్.

ఇంకొక్క చుట్టు బిగించిన డ్రైవరుదీ, కాలితో తొక్కిన మెకానిక్కుదీ, అందరి భయమూ ఒక్కసారి వదిలింది. నేను ఆయన వేళ్లలోంచి జారిపడ్డాను. నల్లటి నూనె ఆయన మోచేతి మీదుగా, పంచె మీదుగా కారి, లోవరాజు తొందరలో తోసిన బేసినులో పడింది.

"ఒరేయ్, అది పులిహోర కలిపే బేసినురా!" అని మెట్టుమీంచి కేక. కోప్పడుతూనే ఆవిడ నవ్వుతోంది.

నన్ను ఏరి, గుడ్డతో తుడిచి, కొత్త వాషరు తొడిగి మళ్లీ ఎక్కించారు. బిగిస్తుంటే లోవరాజు ఊరుకోలేదు.

"బావగారూ, మరి ఇప్పుడు మీరు తిప్పేది పైవాడికి అప్రదక్షిణం కదండీ?"

"నోర్మూసుకో. ఇది కిందనుంచి లెక్క."

శాస్త్రం అంటే మనిషి ఎటు పడుకుంటే అటు తిరిగే దిండు అని ఆరోజు నాకు తెలిసింది.

నేను బిగిశాను. సరిపోయింది. ఆయన స్పానరు తియ్యబోయి ఆగారు. వచ్చేస్తోంది, నాకు తెలుసు. "ఎందుకైనా మంచిది, ఇంకొక్క..."

"చాల్లెండి" అంది మాణిక్యాంబ గారు. "మళ్లీ విప్పాల్సింది కూడా మీరే."

ఆయన చెయ్యి కొంతసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత స్పానరు కింద పెట్టేశారు. ఆ చప్పుడు నా చెవికి మంగళవాద్యంలా వినిపించింది.

కొత్త నూనె పోసుకుని తెల్లారి బయల్దేరాం. పౌర్ణమినాడు అరుణాచలంలో మమ్మల్ని రోడ్డువారన ఆపి, చెప్పులు కారులోనే వదిలి, ఇద్దరూ కొండవైపు నడిచారు. ఇంటినుంచి వచ్చిన దారంతా ఆయన ప్రతి టీకొట్టు దగ్గరా వంగి కారుకింద చూస్తూనే వచ్చారు. ఒక్క చుక్క కారలేదు. కారుకింద ఉండేవాడికి లోకంలో కనిపించేవి పాదాలే. పట్టీలున్నవి, పగిలినవి, మట్టెలున్నవి, వాచినవి, అన్నీ ఒకవైపుకే పోతున్నాయి. చాలాసేపటికి, జనం పలచబడ్డాక, మెల్లగా కుంటుతూ ఒక జత పాదాలు వచ్చి నా ముందు ఆగాయి. పక్కన ఇంకో జత, ఆ అడుగుకి అడుగు సరిపెట్టుకుంటూ.

"పూర్తిచేశానండీ" అంది మాణిక్యాంబ గారు. కారుకి ఆనుకుని నేలమీదే కూర్చుండిపోయింది.

ఆయన కిందికి చెయ్యి పోనిచ్చి నన్ను తడిమారు. బిగించడానికి కాదు. వేళ్లకున్న విభూది నా అరిగిన మూలకి అంటింది.

అప్పట్నుంచి నాకొక ఆలోచన. వాళ్లు కొండచుట్టూ తిరిగింది ప్రదక్షిణమే, పైవాడికి లెక్క సరిపోయింది. కానీ ఆ స్వామి కొండే తానై, నేలలో పాతుకుని, నాలాగే కిందినుంచి చూస్తున్నాడేమో! అలా చూస్తే ఆ పాదాలన్నీ నన్ను విప్పిన దిక్కులోనే తిరుగుతున్నాయి. బిగుసుకుపోయి వచ్చినవాళ్లంతా ఒక్కొక్క అడుగుకీ కాస్త కాస్త వదులవుతున్నారు.