మూడో అధ్యాయంలో చెరకు బండ్లు

స్నేహలత పుస్తకం అచ్చుకెక్కాల్సిన రోజు పొద్దున, అదే పుస్తకం ఇంకొకరి పేరుతో నిజామాబాద్ బస్టాండు దుకాణంలో కనిపించింది.

ఒక ప్రతి కొని అక్కడే నిలబడి తిరగేసింది. 'ఆజ్ఞ: సులభ పరిచయం'. రాసింది విష్ణు, కోచింగ్ సెంటర్లో రాజనీతి చెప్పే లెక్చరర్. "అచ్చుకు పోయే ముందు ఒకసారి చూడన్నా" అని ఆమె తన రాతప్రతి ఇచ్చింది అతనికే.

అసలు 'ఆజ్ఞ' ఐదు వందల ఏళ్ల నాటిది. మంచు దేశంలో పదవి పోగొట్టుకున్న మంత్రి ఒకడు రాశాడు. జనం రాజు మాట ఎందుకు వింటారు? పుస్తకమంతా ఇదే ప్రశ్న. గొప్ప పుస్తకమే కానీ పది పేజీలు దాటేలోపు నిద్ర ముంచుకొస్తుంది. అలాంటి పాత పుస్తకాలను మామూలు మాటల్లో పరిచయం చేస్తూ ఒక వరుస తేవాలని బోధన్‌లో చరిత్ర పాఠాలు చెప్పే స్నేహలత పట్టు. పుస్తకాలు అచ్చేసేవాళ్లు చాలామంది అడ్డంగా తలూపారు. పెళ్లి కార్డులు అచ్చేసే గులాం ఒక్కడే సరేనన్నాడు. వరుసలో మొదటిది 'ఆజ్ఞ'.

ఫోన్ మోగింది. గులామే.

"బేటీ, బస్టాండుల పుస్తకం చూసినవా?"

"చేతిలనే ఉంది భాయ్."

"మిషన్ ఆపేసిన. ఇప్పుడు నీది వేస్తే నిన్నే దొంగ అంటరు. విష్ణు సార్‌ను పిలిచిన, నువ్వు గూడ రా. ఎవరిది అసలో తేలాలె. తేలకపోతే ఈ పుస్తకం లేదు, నీ వరుసా లేదు."

ఆటోలో ఆమె విష్ణు పుస్తకాన్ని మొదటి నుంచి చదివింది. వాక్యాలు తనవే, అక్కడక్కడ మాటలు మార్చాడు. మూడో అధ్యాయంలో ఒకచోట వేలు ఆగింది. మళ్లీ చదివింది. పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది.

"జల్దీ అన్నరు గదా మేడమ్?" అన్నాడు ఆటో అతను.

"ఇప్పుడు మెల్లగ పోయినా సరే అన్నా."

ప్రెస్సులో విష్ణు అప్పటికే చాయ్ తాగుతున్నాడు. ముఖంలో కంగారు లేదు.

"రా చెల్లె. నా క్లాసు నోట్సులు ఊరంత తిరుగుతయి. అండ్లకెల్లి రాసుకున్నవేమో. నేనేం కేసు పెడ్తలేను."

"అట్ల గాదు సార్," అన్నాడు గులాం. "ఒక్క పుస్తకానికి ఇద్దరు గైడు రాస్తే ఒకే తీరుగ రావచ్చు గదా?"

"రావచ్చు భాయ్," అంది స్నేహలత. "మూలం ఒకటే గదా."

విష్ణు తేలిగ్గా ఊపిరి వదిలాడు. "గదే నేను చెప్తున్న."

"నీ పుస్తకంల నాకు మూడో అధ్యాయం మస్తు నచ్చిందన్నా. చెరకు బండ్ల ముచ్చట. భాయ్ గూడ వింటడు, జర చదువు."

విష్ణు పాఠం చెప్పే గొంతుతో చదివాడు.

"'రచయిత ఇక్కడ అద్భుతమైన ఉదాహరణ ఇస్తాడు. ఫ్యాక్టరీ గేటు ముందు వందల చెరకు బండ్లు. గేటు దగ్గర ఒక్క జవాను, చేతిలో ఈల. బండ్లవాళ్లంతా ఒక్కసారి దిగితే అతనేం చేయగలడు? అయినా ఈల మోగేదాకా ఒక్క బండి కదలదు. బలం ఈలలో లేదు, ఆగిన బండ్లలో ఉంది.'"

"వాహ్!" అన్నాడు గులాం.

"ఈ ఉదాహరణ ఎవరిదన్నా?"

"రాసిన గదా చెల్లె. రచయితదే. మూలంల ఉన్నది."

"మూలం చదివినవా?"

"చదవకుండ గైడు రాస్తనా?"

స్నేహలత సంచిలోంచి లావుపాటి 'ఆజ్ఞ' తీసి అతని ముందు పెట్టింది.

"చూపియ్యి మరి. మంచు దేశమన్నా అది. ఐదు వందల ఏండ్ల కింద చక్కెర ఫ్యాక్టరీ ఎక్కడిది? ఆయన జన్మల చెరకు గడ చూసిండా?"

విష్ణు చేయి పుస్తకం మీదికి వెళ్లి ఆగిపోయింది. గులాం ముందుగా నవ్వు ఆపుకోవాలని చూశాడు, వల్ల కాలేదు.

"మంత్రి సాబ్ బోధన్ దిక్కు వచ్చి పోయిండేమో సార్!"

"అది మా బాపు కాశయ్య చెప్పిన ముచ్చట భాయ్," అంది స్నేహలత. "బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన దినాలల్ల మోస్రా ఊరి నుంచి చెరకు బండి తోలేటోడు. మంత్రి మాట నాకే సమజ్ గాకుంటే బాపు బండి యాదికొచ్చింది. రాసుకున్న."

విష్ణు చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు.

"మూలం చదవలే చెల్లె. నీ రాతప్రతి చదివినంక అవసరం గూడ అనిపియ్యలే. క్లాసుల గూడ గిదే చెప్పిన. పిల్లలు పరీక్షల గిట్లనే రాస్తరు."

అప్పటిదాకా గెలుపు మీదున్న స్నేహలతకు ఆ మాట గుచ్చుకుంది. ఆ బండ్లు తనవని రాతప్రతిలో ఎక్కడా రాయలేదు. మంత్రి మాట నుంచి బండ్లలోకి ఒకే ఊపులో వెళ్లిపోయింది. ఇతను దొంగిలించి మోసపోయాడు. కొనుక్కుని చదివేవాళ్లు కూడా ఇలాగే మోసపోతారు.

"తేలింది," అన్నాడు గులాం లేస్తూ. "సార్, బస్టాండుల నీ పుస్తకాలు..."

"నేనే తెస్త. ఒక్కటి గూడ ఉండనియ్య."

"బేటీ, మిషన్ నడిపియ్యాల్నా?"

"ఆగు భాయ్. మూడో అధ్యాయం తెరువు. అది అయినంక నా ముచ్చట్లున్న మిగిలిన అధ్యాయాలు గూడ."

"యా అల్లా, ఇంకేమున్నది?"

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. వెనక నుంచి విష్ణు గొంతు వినిపించింది, పాఠం చెప్పే గొంతు కాదు.

"ఈ మూలం ఇస్తవా? రేపు క్లాసున్నది."

స్నేహలత కుర్చీ అతని వైపు తిప్పింది.

"తీస్కపో అన్నా. ఇదొక్కటి నీ పేరు మీద అచ్చెయ్యకు."

విష్ణు తలవంచుకునే నవ్వి, పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లాడు. ఆమె బండ్ల పేరా కింద ఒక ముక్క చేర్చింది. గులాం కళ్లద్దాలు సర్దుకుని చదివాడు.

'ఈ బండ్లు మంత్రివి కావు, బోధన్‌వి. మంత్రి ఏమన్నాడో అసలు పుస్తకం తెరిచి చూడండి.'

"గైడు అమ్మేటోళ్లు అసలు పుస్తకం చదువుమంటరా బేటీ?"

"మనం అందాం భాయ్."

సాయంత్రానికి మిషన్ మొదలైంది.