లేదని రాయను

ఆ ఏడు టీచరు ట్రైనింగులో ఆరోగ్య బోధన కొత్తగా తప్పనిసరి చేశారు. మిగతావన్నీ గట్టెక్కినా అందులో తప్పితే సర్టిఫికెట్టు లేదు. వలలు లాగి బతికే మా ఇంట్లో అక్షరం ముక్క నేర్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆ కాగితం కోసం ఇంటిల్లిపాదీ కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నారు.

పరీక్షలో భాగంగా మాస్టారు జగన్నాధంగారు మా నలభైమందినీ భావనపాడు తీసుకెళ్ళి, తలా ఒక అచ్చుకాగితం ఇచ్చారు. "మీ ఇంట మశూచి సోకినదా?" అని ఇంటింటా అడిగి రాయాలి. అందరూ చకచకా "లేదు" అని రాసుకుని నీడపట్టున చేరారు. లేదనక ఏమంటారు మరి? మశూచిని మావాళ్ళు అమ్మవారంటారు; ఆవిడ ఇంట్లో ఉండగా ఆ జబ్బు పేరు ఎత్తితే మా అమ్మయినా నా మూతి పగలగొట్టేది.

నేను గుమ్మానికి వేలాడుతున్న వేపమండ చూశాను. "ఏటప్పా, అమ్మొచ్చినాదా?" అన్నాను. ఆ ఇంటి బుల్లమ్మ చెంపలు వేసుకుంది. పెద్దపిల్లకి వచ్చి మూడు రోజులైందనీ, చిన్నదాన్నయినా చల్లగా చూడమని మొక్కుకున్నాననీ చెప్పింది. అలాంటి ఇళ్ళు మరో రెండు దొరికాయి. "అమ్మవారు, మూడు ఇళ్ళు" అని రాశాను.

జగన్నాధంగారికి ఒళ్ళు మండింది. రేపు బడిలో చెప్పబోయేది ఈ మూఢనమ్మకాలేనా అన్నారు. మశూచి ఉందని ఎవరూ అననప్పుడు లేదనే రాయాలట. మిగతా కాగితాలు చూసి, ఊళ్ళో జబ్బే లేదని ఆయన అప్పటికే సంతకం పెట్టేశారు. దిద్దకపోతే సున్నాయే అన్నారు.

"అమ్మవారు" కొట్టేసి పక్కన "మశూచి" అని రాశాను. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట రాయడం అదే మొదలు.

"లేదని మాత్రం రాయనండి," అన్నాను.

సున్నా వేశారు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నౌపడ దాకా నడిచి అక్కడి టీకాలవాళ్ళకి చెప్పాను. మర్నాడు వాళ్ళ వెంట నేనూ భావనపాడు వచ్చాను.

బుల్లమ్మ తలుపేసుకుంది. అమ్మ ఇంట్లో ఉండగా సూది పొడిస్తే ఆగ్రహిస్తుందని లోపలినుంచే చెప్పింది. ఆ భయం నాకూ ఉంది. అయినా గుమ్మం ముందు నిలబడి, రవిక చెయ్యి పైకి లాగి ముందు నేనే పొడిపించుకున్నాను. అమ్మకి కోపమొస్తే నా మీదికే రానిమ్మన్నాను.

బుల్లమ్మ తలుపు ఓరగా తీసింది. "దీన్తో నీకేటొస్తాదే?"

"నాకేటీ రాదు. నా పరీచ్చ పోనాది, అప్పా. నీ సిన్నది పోకూడదు."

ఆవిడ తలుపు బార్లా తీసి, చిన్నదాన్ని తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది.