దులపకూడని బూజు

"ఇంట్లో బూజు ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ, పాప వీపు మీద స్టెతస్కోపు ఆనించి వింటూనే.

నాకు తల కొట్టేసినట్టయింది. పిల్లకి దగ్గని తీసుకొస్తే ఈవిడ ఇంటి శుభ్రం గురించి అడుగుతుందేమిటి? నన్ను చూస్తే ఇల్లు పట్టించుకోని దానిలా ఉన్నానా? "అబ్బే, లేదండీ! ప్రతి ఆదివారం మూలమూలా దులుపుతాను" అన్నాను, అవసరమైన దానికన్నా గట్టిగా. ఆవిడ తలెత్తి నా వంక చూసి ఇంకేదో అడగబోయింది. ఈలోగా బయట ఎవరి పిల్లాడో గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టాడు. మందులు రాసి మమ్మల్ని పంపేసింది.

అబద్ధమేమీ చెప్పలేదని దారంతా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బూజంటే మా ఇంట్లో పైకప్పు మూలల్లో వేలాడే సాలెగూళ్ళు. బూజుకర్ర పెట్టి లాగితే పోతాయి. మరి లోపలి గది గోడ మీద నల్లగా పాకుతున్నదో? దానికి మా ఇంట్లో పేరే లేదు. మా అత్తయ్య దాన్ని 'అది' అంటారు. "ఎవరో వస్తున్నట్టున్నారు, అది కనపడకుండా ఆ తలుపు వెయ్యి" అంటారు. మా ఆయన "కాస్త తేమ" అంటారు, ఆ తేమ ఎవరో ఊరినుంచి వచ్చిన చుట్టమైనట్టు, నాలుగు రోజులుండి తనే పోతుందన్నట్టు. నేను ఏమీ అనను. ఆదివారం కర్ర చేతిలో ఉన్నప్పుడు సాలెగూళ్ళతోపాటు దాన్ని కూడా బరబరా దులిపేస్తాను. నల్లటి పొడి పాప మంచం మీద రాలుతుంది. దుప్పటి విదిలించి మళ్ళీ పరుస్తాను. గోడ రెండు రోజులు కాస్త తెల్లగా కనిపిస్తుంది, నా ప్రాణం కుదుటపడుతుంది.

ఆ గది పాపది. గోడకి అవతల స్నానాల గది. లోపల ఎక్కడో పైపు కారుతోందని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. "దానికోసం గోడ పగలగొట్టిస్తామా? ఇల్లంతా దుమ్ము, పనివాళ్ళు లోపలికీ బయటికీ తిరగడం. నాకు ఇంట్లో ప్రశాంతత కావాలి" అంటారు. ఆయన ప్రశాంతత కోసం వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా వెయ్యను, టీవీలో వార్తలు వినపడవట. కిటికీలు తియ్యను, ఎదురింటివాళ్ళకి మా హాలు కనపడుతుందట. ఇక బట్టలు సరేసరి. ఆయన చొక్కాలు బాల్కనీలో ఆరతాయి. నావీ, అత్తయ్యవీ లోపలి బట్టలు మాత్రం పాప గదిలో, బీరువా వెనక కట్టిన తీగమీద, పైన ఒక తువ్వాలు కప్పుకుని ఆరాలి. పెళ్ళైన కొత్తలో ఒకసారి బాల్కనీలో ఆరేస్తే అత్తయ్య పరుగున వచ్చి లాక్కొచ్చారు. "నలుగురూ చూస్తే ఏమనుకుంటారే?" అన్నారు, పాపం ఆవిడకే ముఖం ఎర్రబడింది. ఆవిడా జన్మంతా అలాగే ఆరేసుకున్నారు మరి. ఎండ తగలని ఆ బట్టలు రోజుల తరబడి ఆరీ ఆరకుండా ఉంటాయి, వాటి తడంతా ఆ గోడే తాగుతుంది. మా ఒంటి మీద కూడా అవి చల్లగానే ఉంటాయి. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు, ఇప్పుడు రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

ఇల్లు ఎలా ఉన్నా మాట పడేది నేనే. "మా కోడలు ఉద్యోగస్తురాలండీ, ఇల్లు దానంతటదే ఉంటుంది" అని అత్తయ్య వచ్చినవాళ్ళతో నవ్వుతూ అంటారు. వాళ్ళూ నవ్వుతారు. నేనూ నవ్వి, టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోతాను. అందుకే ఆ గోడకి ముందు బీరువా అడ్డం పెట్టాను. నలుపు బీరువా దాటి బయటికి వచ్చాక పువ్వుల గుడ్డ వేలాడదీశాను. పాపకి కూడా నేర్పించాను, స్నేహితులొస్తే హాల్లోనే ఆడుకోమని. "ఎందుకమ్మా?" అంటే "మన ఇంటి సంగతులు అందరికీ చెప్పుకోకూడదు నాన్నా" అన్నాను.

నేను బ్రెడ్డు తయారుచేసే చోట ప్యాకింగు చూసుకుంటాను. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడానికి సెలవడిగితే మేనేజరు "మీ ఇంట్లో ఇంకెవరూ లేరా అమ్మా?" అన్నాడు. మగవాళ్ళని అతను ఆ ప్రశ్న అడగ్గా నేనెప్పుడూ వినలేదు. సరే, అది వేరే కథ. ఆ వారమే మా సెక్షన్లో ఒకావిడ కొత్తగా చేరింది, నాకంటే పెద్దదే. ఒక బ్రెడ్డు మూల మీద నల్లటి చుక్క చూసి, పారేయడానికి మనసొప్పక, పొడిగుడ్డతో దులిపేసి మళ్ళీ ట్రేలో పెట్టింది. నేను చూశాను. ఇక చూసుకోండి నా నోరు!

"అదేం పనండీ? బూజు అలా దులిపితే పోతుందా? కంటికి కనపడదంతే. ఆ పొడంతా గాల్లోకి లేచి పక్కవాటికి పడుతుంది. ఒక్కదాన్ని దులిపి మొత్తం ట్రే పాడుచేశారు. ముందు ఇదంతా అవతల పారేయండి, తర్వాత ఆ తడి ఎక్కణ్ణించి వస్తోందో చూడండి."

ఆవిడ బిక్కచచ్చిపోయింది. "తెలీదమ్మా, ఇంట్లో బూజు దులుపుతాం కదా అని..." అంది.

నేను ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రోజూ ఇక్కడ నోరారా అంటున్న మాటే కదా, బూజు. డాక్టరమ్మ అడిగింది ఈ బూజు గురించి. నేనేమో నా చీపురు పనితనం గురించి జవాబు చెప్పుకున్నాను. కంపెనీ బ్రెడ్డు మీద చిన్న చుక్క కనపడితే ట్రే మొత్తం పారేయించేదాన్ని, నా కూతురు పడుకునే గది గోడని ప్రతి ఆదివారం దాని ముఖం మీదే దులుపుతున్నాను. ఆదివారం సాయంత్రాలే దానికి దగ్గు ఎక్కువయ్యేది. అత్తయ్య ఐస్‌క్రీమ్ వల్లనేవారు, ఆయన సెలవురోజు ఎగరడం వల్లనేవారు, నేను రెండూ నమ్మేదాన్ని. కొత్తావిడ "ఏమైందమ్మా?" అంటోంది. ఇందాక అన్న మాటలకి ఆవిడని క్షమించమని కూడా అడగలేకపోయాను.

ఇంటికి వెళ్ళి ఆయనకి చెప్పాను. "నెమ్మదిగా మాట్లాడు, పక్కింటికి వినపడుతుంది" అన్నారు. ఆ తర్వాత "చూద్దాంలే" అన్నారు. ఆయన చూసేలోపే పాపకి ఊపిరి అందడం కష్టమైపోయింది. ఛాతీలోంచి పిల్లికూతలు హాల్లోకి వినపడుతున్నాయి. ఈసారి ఆయనా మాతో వచ్చారు.

డాక్టరమ్మ ఈసారి నన్ను అడగలేదు. పాపనే దగ్గరికి తీసుకుని, "నీ గదిలో గోడల మీద నల్లగా మచ్చల్లాంటివి ఏమైనా ఉన్నాయా తల్లీ?" అంది.

పాప తలెత్తింది. ముందు నా ముఖం చూసింది. తర్వాత వాళ్ళ నాన్న ముఖం చూసింది. ఛాతీ కూస్తూనే ఉంది.

"లేవండీ" అంది. "మా అమ్మ... రోజూ శుభ్రం చేస్తుంది."

ఆ ముక్క పూర్తిచేయడానికి మధ్యలో ఆగి గాలి పీల్చుకోవాల్సి వచ్చింది దానికి. నా పరువు కోసం తన ఊపిరి ఖర్చుపెట్టింది పిచ్చిది. నా జన్మలో ఎన్నో మాటలు పడ్డాను గాని, అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. అత్తయ్య నాకు నేర్పింది నేను దీనికి నేర్పేశాను, ఇంత చిన్న వయసులోనే ఇంత బాగా వచ్చేసింది.

"ఉంది డాక్టరమ్మా" అన్నాను. "గోడ నిండా ఉంది. నేనే దాచిపెట్టాను. బూజుకర్రతో పొడిగానే దులుపుతున్నాను కూడా."

ఆయన గబగబా నవ్వేశారు. "అబ్బే, కాస్త తేమండీ. ఈవిడ ప్రతిదానికీ కంగారుపడిపోతుంది."

డాక్టరమ్మ ఆయనకేసి చూడలేదు. పొడిగా దులపకూడదని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పిల్లని బయటికి పంపి, సబ్బునీళ్ళ తడిగుడ్డతో తుడవాలని చెప్పింది. తుడిచినా లోపలి పైపు కారుతున్నంతకాలం మళ్ళీ వస్తుందట. కిటికీలు తెరవాలి, వంటింట్లో ఫ్యాను వెయ్యాలి, తడిబట్టలు గదిలో ఉండకూడదు. "గోడ పూర్తిగా బాగై ఆరేదాకా పిల్ల ఆ గదిలో పడుకోడానికి వీల్లేదు" అంది.

"అలాగెలా కుదురుతుందండీ? ఉన్నవే రెండు గదులు. హాల్లో మా అమ్మ పడుకుంటారు. మరి ఇదెక్కడ పడుకుంటుంది?" అన్నారు ఆయన. నా వైపు తిరిగారు, ఎప్పటిలాగే నేనేదో ఒకటి సర్దుతానని.

నాకు ముఖం వేడెక్కిపోయింది, డాక్టరమ్మ ముందు ఇంటి గుట్టు ఇలా విప్పుతున్నందుకు చచ్చేంత సిగ్గుగానే ఉంది. పాప చెయ్యి పట్టుకుని దానితోనే చెప్పాను.

"నువ్వు మా గదిలో నా పక్కన పడుకుందువుగాని తల్లీ. గోడ బాగయ్యేదాకా నీ గదిలో నాన్న పడుకుంటారు. కాస్త తేమే కదా."

డాక్టరమ్మ తలెత్తకుండా మందుల కింద ఆ మాట కూడా రాసింది.