తలకట్టు

వకుళ టీచరు కుడి చెయ్యి భుజం ఎత్తుకి లేవగానే ఒక తలుపుకి తగులుతుంది. తలుపు గాలిలోనే ఉంది. ఆకుపచ్చ రంగు, అవతలివైపు గడియ. మూడు నెలలుగా ఆమె తట్టి చూస్తూనే ఉంది.

అందుకే బడిలో బోర్డు కింది సగంలోనే రాస్తోంది. ఏ అక్షరానికీ తలకట్టు పెట్టలేదు, తలకట్లన్నీ తలుపు అవతల ఉండిపోయాయి. తలకట్టు లేని అక్షరాన్ని పలకడం కుదరదు కాబట్టి ఒకటో తరగతి పిల్లలు మూడు నెలలుగా నోళ్ళు సగం తెరిచి కూర్చున్నారు. పై సగంలో పక్క తరగతి తాతబ్బాయి మాష్టారు సోషల్ పాఠానికని బంగాళాఖాతం పోసుకున్నారు. ఈ వేళ పదింటికల్లా పైకి అందకపోతే కింది సగం కూడా ఆయనకే ఇచ్చేస్తానని హెడ్మాష్టరు చెప్పేశారు. ఇరవై రెండేళ్ళుగా తను రాస్తున్న బోర్డు. వకుళకి ఏడుపొస్తోంది గానీ ఏడవడానికి టైము లేదు.

పొద్దున్నే, ఎముకలూ కీళ్ళూ చేత్తోనే సరిచేసే ఆస్టియోపతీ డాక్టరు సర్వేశం గారి దగ్గరికి వచ్చింది. ఆయన గదిలో మందులు లేవు. ఒక ఎత్తు మంచం, ఆయన రెండు చేతులు ఉన్నాయి.

"భుజం పట్టేసిందండి," అంటుంది వకుళ.

"ఎవరు పట్టేశారు?" అని అడుగుతాడాయన, మామూలుగానే.

తెలుగు టీచరై ఉండి కూడా ఆ వాక్యానికి కర్త ఎవరని వకుళ ఎన్నడూ ఆలోచించలేదు. సిగ్గేస్తుంది.

డాక్టరు భుజం జోలికే పోడు. ఎడమ చీలమండ చుట్టూ రెండు చేతులూ వేసి కళ్ళు మూసుకుంటాడు.

"ఒళ్ళంతా ఒకటే ఇల్లండి. పై గదిలో తలుపు బిగుసుకుంటే కింద గుమ్మం కుంగిందేమో చూసుకోవాలి. ఇక్కడేదో బస్సు చప్పుడవుతోందండి."

చీలమండలోంచి బస్సు బయటికొచ్చి మంచం పక్కన ఆగుతుంది. ఆ రోజు వానలో ఆమె దిగబోతుంటే ఫుట్‌బోర్డు మీద కాలు మడతపడింది. కుడి చెయ్యి చటుక్కున రాడ్డు పట్టుకుంది. ఆమె దిగింది, బస్సు వెళ్ళిపోయింది. ఆ చెయ్యి మాత్రం రెండు మట్టిగాజులతో ఇంకా రాడ్డుకే ఉంది.

"ఎన్ని స్టాపులొచ్చినా దిగట్లేదండి మేడంగారూ," అంటాడు కండక్టరు.

రోజూ తిట్టుకున్నది దీన్నేనని తెలిసి వకుళకి ఒళ్ళు మండుతుంది. "లాగి పడెయ్యండి డాక్టరుగారూ."

"అది వదిలేసుంటే మీరు చక్రం కింద ఉండేవారండి. పడకుండా పట్టుకున్నదాన్ని తిడతారేంటి? నేను లాగను. వదలడం దానికే తెలుసు. మీరు చెయ్యి కిందికి నొక్కండి, నేను ఆపుతాను. ఐదు లెక్కపెట్టాక వదిలెయ్యండి."

నొక్కుతుంది, లెక్కపెడుతుంది, వదులుతుంది. తలుపు నాలుగు వేళ్ళ మేర పైకి జరుగుతుంది. మళ్ళీ చేస్తే మరో నాలుగు వేళ్ళు. మూడోసారి గడియ కిర్రుమంటుంది గానీ రాదు. పదికి ఐదు నిమిషాలుంది.

"రైట్ రైట్," అంటాడు కండక్టరు. బస్సు కదులుతుంది.

వకుళ రాడ్డుకున్న ఆ చేతికేసి చూస్తుంది. మూడు నెలల్లో దానితో ఒక్క మంచి మాటయినా అనలేదు. "చాలాసేపు పట్టుకున్నావమ్మా," అంటుంది. "ఇంక నేను పడనులే."

టాటా చెప్పడానికి ఆ చెయ్యి రాడ్డు వదులుతుంది. వకుళ కూడా ఊపుతుంది. ఊపుతున్న చెయ్యి తన తలకంటే ఎత్తున ఉందని ఆమె గమనించదు. డాక్టరు చూసి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటాడు.

తెరుచుకున్న తలుపు అవతలే బోర్డు పై సగం ఉంది. వకుళ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నీళ్ళలోకి దిగుతుంది.

"కాస్త జరపండి మాష్టారూ."

"పోటు వేళండి, జాగ్రత్త," అంటూ తాతబ్బాయి మాష్టారు సముద్రాన్ని చుట్టి చంకలో పెట్టుకుంటారు.

ఆమె ఒక్కో అక్షరానికీ తలకట్టు పెడుతుంది. పిల్లలు మూడు నెలల ఊపిరిని ఒక్కసారిగా వదులుతారు. ఆ గాలికి కిటికీలన్నీ తెరుచుకుంటాయి.

చివరికి చేతిలో ఒక తలకట్టు మిగులుతుంది. వకుళ దాన్ని తన కుడి భుజం మీద పెట్టుకుంటుంది. భుజం నోరు తెరిచి, "అమ్మయ్య," అంటుంది.