బీడులో మాథుర్ సాబ్

రెండువేల మూడులో ఉగాది దాటేసరికి కోసిగి పక్కనున్న ఆ ఊళ్లో తలుపులకు తాళాలే మిగిలాయి. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లంతా గుంటూరు మిరప చేలకో, బెంగళూరు బిల్డింగు పనులకో పోయారు. పింఛను వస్తుంది గనక కంబన్న పోలేదు. పోయే వయసు కాదు గనక పక్కింటి గిడ్డమ్మ పోలేదు.

కంబన్న ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చాడు. విమానం నడిపినవాడు కాదు, నడిపేవాళ్లను సీట్లో కూర్చోబెట్టి బెల్టులు బిగించి పంపినవాడు. ఆ ఉద్యోగం సంగతులు ఎవరడిగినా చెప్పేవాడు. డెబ్బై ఒకటి యుద్ధం మాటెత్తితే మాత్రం తువ్వాలు దులుపుకుని లేచిపోయేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, ఊరి పడమటి బీడులోంచి అతనికి ఒక శబ్దం వినిపించింది. మొదట సన్నటి ఈల. ఈల లావై, చివరికి గుండెల్లో అదిరే మోత. జెట్ ఇంజను స్టార్టయ్యే మోత. ఆకాశంలో ఏమీ లేదు. మర్నాడూ అదే వేళకు వినిపించింది. మూడోనాడు ఉండబట్టలేక వెళ్లి చూశాడు. బీడులో నరపురుగు లేదు. గాలి ఆడటం లేదు, అయినా ఎండుగడ్డి అంతా ఒకే వైపుకు ఒరిగి ఉంది. కిరసనాయిలు వాసన ముక్కుకు కొట్టింది.

తిరిగొచ్చేసరికి గిడ్డమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"యాడికి పోయింటివి కంబన్నా? నీ కోసరం ఎవురో వచ్చినాడు."

"ఎవురక్కా?"

"ఏమోనప్పా. తలమింద కుండ బోర్లిచ్చినట్ల ఉండాది. మూతికి తిత్తి కట్టుకున్యాడు, దానికి తొండమట్ల గొట్టం. మాట్లాడల్యా. ఊరికే నిలబడి, చెయ్యెత్తి ఇట్ల చూపిస్తాండాడు."

ఆమె చెయ్యెత్తి చూపించింది. నాలుగు వేళ్లు. బొటనవేలు అరచేతిలోకి మడిచి ఉంది.

గిడ్డమ్మ విమానాన్ని దగ్గరగా చూసిన మనిషి కాదు. పైలట్ ఎలా ఉంటాడో ఆమెకు చెప్పినవాళ్లూ లేరు. కంబన్న అక్కడే చతికిలబడ్డాడు. చనిపోయిన భార్య హులిగెమ్మకు కూడా చెప్పని సంగతి అప్పుడు బయటికి వచ్చింది.

యుద్ధ విమానంలో పైలట్ సీటు కింద పేలుడు మందు కూరి ఉంటుంది. విమానానికి దెబ్బ తగిలితే పైలట్ పిడి లాగుతాడు. సీటు మనిషితో సహా పైకి ఎగిరి బయటపడుతుంది. నేల మీద ఉన్నప్పుడు అది పేలకుండా ఐదు పిన్నులు గుచ్చి ఉంచుతారు. ఒక్కటి మిగిలిపోయినా సీటు ఎగరదు. బయల్దేరే ముందు వాటిని పీకి పైలట్‌కు చూపించాలి. అతను లెక్కపెట్టుకుని బొటనవేలు పైకెత్తుతాడు. అప్పుడే నిచ్చెన తీస్తారు.

"ఆ పొద్దు సైరన్ మోగిందక్కా. పిడికిలి తెరవకుండానే చూపించినా. మాథుర్ సాబ్ నన్ను నమ్మి బొటనేలు ఎత్తినాడు. విమానం పోయినాక, గుంతలో దాక్కొని చూసుకుంటే చేతిలో నాలుగే ఉండాయి."

"ఇంగొకటి?"

"మోకాళ్లమింద పాకి వెతికినా. యాడా లేదు. సీట్లోనే ఉండిపోయింటాది. అప్పుడే చెప్పింటే వైర్‌లెస్‌లో వెనక్కి పిలిచేవాళ్లు. నన్ను జైల్లో ఏస్తారని గమ్మునుంటి. సాబ్ మళ్లా రాలేదు. స్టోరులోంచి ఒక పిన్ను తెచ్చి ఐదు చేసి పెట్టినా."

గిడ్డమ్మ అరుగు మీద అతని వైపు తిరిగింది.

"పిన్ను పీకేది మర్సిపోతివేమో అనుకున్యా. తెలిసీ దాచిపెట్టినావన్నమాట."

"ఊఁ."

"ఆయప్పకు పెండ్లాం ఉండెనా?"

ఉంది. యుద్ధం ముగిశాక డెహ్రాడూన్ నుంచి వచ్చి, గాజులు తీయని చేతులతోనే ఎయిర్‌ఫోర్సు స్టేషన్‌లో ప్రతివాడికీ తన అడ్రసు రాసిచ్చింది. ఏం తెలిసినా రాయమంది. ఆ కాగితం కంబన్న ట్రంకుపెట్టెలో ఇంకా ఉంది.

"మరి నాకు చెప్తే ఏమొస్తాదప్పా? ఆయమ్మకు చెప్పు."

హిందీలో ఆ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులూ రెండు గంటలకు మోత వచ్చింది, రోజురోజుకీ దగ్గరగా. బీడు దాటింది. గొర్రెల దొడ్డి దాటింది. నాలుగోనాడు ఇంటి వెనక గోడకు ఆనుకున్నట్టే వినిపించి, గూట్లో చెంబులు కదిలాయి. కంబన్న కలం వదల్లేదు. సంతకం పెట్టి, ఎండలోనే కోసిగి దాకా నడిచి పోస్టు చేసి వచ్చాడు. మర్నాటి నుంచి మోత లేదు.

ఆషాఢంలో జవాబు వచ్చింది. ముసలి చేతిరాత.

"మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆయన విమానంలోంచి దూకి ప్రాణాలు దక్కించుకుని, శత్రుదేశపు జైల్లో ఉన్నారనే ఇన్నేళ్లూ నమ్మాను. ఏ రాత్రి వస్తారోనని తలుపుకు గడియ పెట్టలేదు. మిమ్మల్ని క్షమించే శక్తి నాకు లేదు. కానీ చెప్పారు. నిన్న గడియ పెట్టుకుని పడుకున్నాను."

కంబన్న ఆ మాటలను గిడ్డమ్మకు తెలుగులో చదివి వినిపించాడు.

"పాపం ఆ తల్లి," అంది గిడ్డమ్మ. "ఇంగ ఆయప్ప రాడులే, కదప్పా?"

"రాడక్కా. పని అయిపోయ."

గిడ్డమ్మ కంబన్న భుజం మీదుగా వీధిలోకి చూసి, పెద్దలెవరో ఎదురొచ్చినట్టు కొంగు తల మీదికి లాక్కుని, అరుగు దిగి పక్కకు నిలబడింది. కంబన్న వెనక నుంచి కిరసనాయిలు వాసన వచ్చింది.